నందిని బడిలో ఎందుకు మాట్లాడదు

మొయినాబాద్, చేవెళ్ళ వెళ్ళొచ్చానని చెబితే మా కాలేజీలో అందరూ ఒకటే మాట అడిగారు, అక్కడ చూడటానికి ఏముందని. నిజమే, ఫొటో తీసి గోడకు తగిలించుకునేదేమీ లేదు. రోడ్డుకు ఒకవైపు ఫంక్షన్ హాళ్ళ గేట్లు, రెండోవైపు టమాటా మళ్ళు. అయినా ఆ నాలుగు రోజుల గురించి చెప్పడం మొదలుపెడితే నేను కాఫీ తాగడం కూడా మరిచిపోతున్నాను. వెళ్ళని వాళ్ళ కోసం అంతా వరసగా చెబుతాను.

నేను కాకినాడలో టీచరు శిక్షణ విద్యార్థులకు శిశు వికాసం పాఠం చెబుతాను. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని. పసిపిల్లలో చైతన్యం ఎలా మేలుకుంటుంది, చదువు దాన్ని ఎలా పెంచుతుంది, ఈ రెంటినీ కలిపే సిద్ధాంతాలేమిటి, అన్నీ నోటికి వచ్చు. కానీ ఆ పుస్తకాల్లోని ప్రయోగాల్లో ఒక్కటి కూడా నా చేత్తో ఏ పిల్ల ముందూ చేసి చూడలేదు. ఎవరైనా అడుగుతారేమోనని లోపల చిన్న సిగ్గు ఉండేది. ఎవరూ అడగలేదు.

కార్తీకమాసంలో సరిత ఫోను చేసింది. పదిహేనేళ్ళ క్రితం నా దగ్గర చదువుకున్న తెలంగాణ అమ్మాయి. ఇప్పుడు మొయినాబాద్‌లో రెండు గదుల్లో చిన్నపిల్లల బడి నడుపుతోంది. ఆమె బడిలో నందిని అనే అయిదున్నరేళ్ళ పిల్ల ఆరు నెలలుగా ఒక్క మాట కూడా మాట్లాడలేదట. పిల్లకు బుద్ధి ఎదగలేదని బంధువులు తేల్చేశారు. నగరంలో అలాంటి పిల్లల కోసం ఉన్న హాస్టలు బడిలో చేర్పించడానికి తండ్రి దరఖాస్తు తెచ్చుకున్నాడు. అందులో టీచరు అభిప్రాయం రాయాలి. శనివారం ఆఖరు రోజు.

"నాకు రాయడానికి చెయ్యి ఆడటం లేదు మేడం. మీరొచ్చి చూసి ఒక మాట చెబితే, అదే రాస్తాను" అంది సరిత.

నాకు భయం వేయాలి. వేయలేదు. ఇన్నాళ్ళకు నిజం పిల్లను, నిజం ప్రశ్నతో చూడబోతున్నానని ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఆ రాత్రే పెట్టె సర్దాను. ఒకే రకం గాజు గ్లాసులు రెండు, పొడుగు సన్నపు గ్లాసు ఒకటి, బొమ్మల కార్డులు, ఒక నోటుబుక్కు.

మెహదీపట్నం నుంచి బస్సులో

కండక్టరమ్మ ఆధార్ కార్డు అడిగింది. ఇక్కడి ఆడవాళ్ళకు టికెట్టు లేదు. నా కార్డు తిప్పి చూసి, "మీది ఆంధ్ర కద మేడం, మీకు పైసలు పడుతయ్" అని నవ్వింది. నలభై రూపాయలిచ్చి టికెట్టు తీసుకున్నాను. బస్సు మొత్తంలో టికెట్టు కొన్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. పక్క సీటావిడకు నా మీద జాలి కలిగి, ఒళ్ళో సంచిలోంచి ఉడకబెట్టిన పల్లీలు గుప్పెడు తీసి నా చేతిలో పోసింది.

"తిన్రి. ఏడికి పోతున్రు?"

"మొయినాబాద్. అక్కడ బళ్ళో పిల్లల్ని చూడటానికి."

"మీ పిల్లలా?"

"కాదండీ. పిల్లలకు ఆలోచన ఎలా వస్తుందో చూడాలని."

ఆవిడ కాసేపు నా ముఖం చూసింది. "గది సూడనీకి గంత దూరం కెళ్ళి వచ్చిన్రా? మా ఇంటికి రాన్రి. నలుగురున్నరు. ఆలోచన ఆగుతనే లేదు."

గండిపేట దాటాక రోడ్డు పక్కన మక్కకంకులు కాలుస్తున్నారు. మా వైపు మొక్కజొన్న పొత్తు అంటాం. బస్సు స్పీడుబ్రేకరు మీద ఎగిరినప్పుడు నా సంచిలో చిన్న శబ్దమైంది. దిగి చూస్తే జత గ్లాసుల్లో ఒకటి రెండు ముక్కలు. ఇరవై నాలుగేళ్ళు ఆగి చేయబోయే ప్రయోగం అలా మొదలైంది.

మొయినాబాద్, రెండు గదుల బడి

సరిత ఎదురొచ్చి నా సంచి అందుకుంది. అప్పటి బక్కపలచని పిల్ల కాస్త నిండుగా అయింది. మాట మాత్రం అచ్చం మా వైపు మాటే. "రండి మేడం, ప్రయాణం బాగా జరిగిందా, కూర్చోండి" అంటుంటే మురిసిపోయాను. నా దగ్గర నేర్చుకున్న భాష కదా.

గ్లాసు సంగతి చెప్పాను. బడి ఎదురుగా చాయ్ హోటలు ఉంది. హోటలాయన రెండు గ్లాసులు కడిగి ఇచ్చి, "సాయంత్రం తెచ్చియ్యున్రి మేడం, గిరాకీ టైంల కావాలె" అన్నాడు. చాయ్ పదిహేను రూపాయలు, చిక్కగా ఉంది. రెండు తాగాను.

ముందుగా హారిక అనే అయిదేళ్ళ పిల్లను కూర్చోబెట్టాను. రెండు గ్లాసుల్లో ఒకే ఎత్తున నీళ్ళు పోసి, రెంటిలో ఒక్కలాగే ఉన్నాయని ఆమెతోనే ఒప్పించాను. తరువాత ఒక గ్లాసులో నీళ్ళు ఆమె కళ్ళముందే పొడుగు సన్నపు గ్లాసులోకి వంచాను. ఇప్పుడు దేనిలో ఎక్కువ ఉన్నాయని అడిగాను.

హారిక ఏమాత్రం ఆలోచించకుండా పొడుగు గ్లాసు మీద వేలు పెట్టింది. "గీ పొడుగుదాంట్ల."

ఎప్పుడో స్విట్జర్లాండులో ఒక పండితుడు పిల్లల ముందు కూర్చుని రాసుకున్న మాట, మొయినాబాద్‌లో చాయ్ గ్లాసు ముందు హారిక చెప్పింది. ఆ వయసు పిల్లలకు కంటికి కనిపించే ఎత్తే నిజం. వంచిన నీళ్ళను మనసులో వెనక్కి పోసి చూసుకోవడం ఇంకా రాదు. అది వచ్చిన రోజు పిల్ల మనసు ఒక మెట్టు ఎక్కినట్టు. పుస్తకం నిజమే చెప్పిందని నాలో నేనే పైకి అనేశాను.

సరిత వెనకనుంచి మెల్లగా సరిదిద్దింది. "హారికా, 'పొడుగు గ్లాసులో' అనాలి. చెప్పు." హారిక చెప్పింది. చక్కగా దిద్దుతోందే అని నేను తల ఊపాను కూడా.

ఆ తరువాత నందిని వచ్చింది. నూనె రాసి బిగించి అల్లిన రెండు జడలు, గోళ్ళ సందుల్లో పసుపుపచ్చ మరక. నీళ్ళ ప్రయోగం చేసి, "రెండూ సమానమా?" అని అడిగాను. గ్లాసులకేసి, నాకేసి, మళ్ళీ గ్లాసులకేసి చూసింది. మాట లేదు, వేలు కదలలేదు. బొమ్మల కార్డులు పరిచి, బంగాళాదుంప ఏది, గోంగూర ఏది, వేరుశనగ ఏది అని అడిగాను. ఒక్క కార్డూ ముట్టలేదు. అరగంట తరువాత నోటుబుక్కులో రాసుకున్నాను: భాష లేదు. పరిమాణ భావన లేదు. వయసుకు తగ్గ ఎదుగుదల లేదు.

ఇక సరితకు చెప్పడం ఒక్కటే మిగిలింది.

ఆ సాయంత్రం సరిత ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే మరిగి మరిగి ఇల్లంతా వాసన రావాలి. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పిసికి, పొయ్యి మీద పెట్టకుండానే వడ్డిస్తారు. నేను మూడు రొట్టెలు తిన్నాను. మధ్యలో సరిత అడిగింది, "ఏమనిపించింది మేడం?" రేపు పిల్ల ఇంటికి వెళ్ళి చూశాక చెబుతానన్నాను. పుస్తకంలో అలా రాసి ఉంటుంది, ఇంటి వాతావరణం కూడా పరిశీలించాలని. ఆ ఒక్క వాక్యం లేకపోతే నోటుబుక్కులో ఉన్నదే చెప్పేసేదాన్ని.

సురంగల్, చామంతి తోట

సరితకు బడి ఉంది కాబట్టి మర్నాడు పొద్దున్నే నేనొక్కదాన్నే ఆటోలో సురంగల్ వెళ్ళాను. నందిని వాళ్ళమ్మ ఒక ఫాంహౌసులో పనికి పోతుంది. పిల్లను చూసేది నాన్నమ్మ బాలమణి. ఆమెకు ముప్పావు ఎకరం చామంతి తోట ఉంది. బాలమణి గారూ అని పిలిస్తే ఆమె నవ్వింది. "గారు ఎందుకమ్మ, అక్క అను సాలు."

ఎండ ఇంకా ఎక్కలేదు. పసుపుపచ్చ పూల మీద మంచు. ఇంత అందం రోడ్డుకు అరమైలు దూరంలో ఉందని బస్సులో పోయేవాళ్ళెవరికీ తెలియదు. పూలే చూస్తూ నడిచి, కింద డ్రిప్పు పైపు అతుకు మీద కాలు వేశాను. అతుకు ఊడి నీళ్ళు చిమ్మాయి. చీర, నోటుబుక్కు, కళ్ళజోడు, అన్నీ తడిశాయి. చెట్ల వరసల మధ్యనుంచి గలగలమని ఒక నవ్వు వినిపించింది. నందిని నవ్వు. ఆ గొంతు వినడం అదే మొదటిసారి.

బాలమణి పైపు అతికించి, పొడి కండువా ఇచ్చి, గట్టు మీద కూర్చోమంది. నందిని పూలు కోసే పనిలో పడిపోయింది. నేను ఉన్నానన్న సంగతి కాసేపటికి మరిచిపోయింది. అప్పుడు వినిపించింది. సన్నగా, పెదవుల మీదే, తనతో తను:

"గిది పెద్దది, గంపల. గిది సుత. ఊహూ, గిది మొగ్గ, రేపటికి. గీడ పురుగున్నది, వద్దు. ఇంక నాలుగు చెట్లున్నయ్, అటెంక అవ్వకాడికి."

నేను కదలకుండా విన్నాను. సుత అంటే కూడా, అటెంక అంటే ఆ తరువాత, అవ్వ అంటే నాన్నమ్మ.

దీని గురించి ఒక్క మాట చెప్పాలి. పిల్లలు తమలో తాము గొణుక్కోవడం చూసి, పైన చెప్పిన స్విట్జర్లాండు పండితుడు అది ఎదగని మాట అనుకున్నాడు. వయసు పెరిగితే రాలిపోతుందన్నాడు. రష్యాలో ఇంకొకాయన ఒప్పుకోలేదు. పిల్ల ముందు ఇతరులతో మాట్లాడుతుంది, ఆ మాటే తరువాత తనవైపు తిరిగి గొణుగుడవుతుంది, ఆ గొణుగుడే లోపలికి ఇంకి ఆలోచన అవుతుంది అన్నాడు. అంటే మన చైతన్యం మనలో దానంతటది మొలిచింది కాదు, మనతో మాట్లాడినవాళ్ళ మాటలతో కట్టుకున్నది. ఇద్దరికీ తేడా రాయమని ప్రతి ఏడాదీ అయిదు మార్కుల ప్రశ్న ఇస్తాను. ఆ తేడా ఆరోజు చామంతి తోటలో నా చెవిన పడింది. ఈ పిల్ల పూలను పోలుస్తోంది, ఏరుతోంది, రేపటిది రేపటికి ఉంచుతోంది, మిగిలిన పని లెక్క వేసుకుంటోంది. అంతా మాటలతో. భాష లేదని రాసిన నోటుబుక్కు నా ఒళ్ళో తడిసి ఉంది.

"బాలమణక్కా, ఇంట్లో మాట్లాడుతుందా?"

"ఆగుతదా? పొద్దుగాల లేస్తె మొదలు. దానికి అన్నీ ఎర్కే అమ్మ. ఏ చెట్టు ఎప్పుడు పూసింది, ఏ గొర్రె ఈనింది, అన్నీ ఎర్కే."

ఎర్కే. మా వైపు ఎరుక అంటే వేదాంతం పుస్తకాల్లో కనిపించే మాట. చైతన్యం గురించి గంటసేపు పాఠం చెప్పి చివర్లో గంభీరంగా వాడతాను. ఇక్కడ గట్టు మీద కూర్చుని పూలు ఏరుతూ తెలుసు అనడానికి ఎర్కే అంటున్నారు. తెలియడమే చైతన్యమని ఇంత సులువుగా ఎవరూ నాకు చెప్పలేదు. నాకెంత సంబరమైందంటే ఆ మాట ఆమెతో మళ్ళీ మళ్ళీ అనిపించాను.

"మరి బళ్ళో ఎందుకు మాట్లాడదు?"

బాలమణి చేతులు ఆగలేదు. "ముందుగాల మంచిగనే మాట్లాడింది. మొదటి వారంల టీచరు ఏందో అడిగిందట, ఇది 'నాకెర్క' అన్నదట. గట్ల అనొద్దు, తెలుసు అనాలె అని చెప్పిందట టీచరు. పిల్లలు నవ్విన్రట. ఇంకోనాడు పుంటికూర అన్నదట, గది గూడ తప్పేనట. ఇంటికొచ్చి, అవ్వా, మనింట్ల మాటలన్నీ తప్పేనా అని అడిగింది. నేనేం జెప్పాలె? నాకు గూడ గవ్వే వచ్చు."

పుంటికూర అంటే గోంగూర. ఆలుగడ్డ అంటే బంగాళాదుంప. పల్లీలు అంటే వేరుశనగ. సమానం అన్నదానికి ఇక్కడ ఒక్కతీరు అంటారు. నిన్న నేను ఆ పిల్లను అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాటిలో ఆమె ఇంటి మాట ఒక్కటీ లేదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, దానితో గట్టు మీద కూర్చోలేక లేచి నిలబడ్డాను. పిల్లల భాష దిద్దమని సరితకు నేర్పింది ఎవరు? ఆమె మొదటి టీచింగ్ ప్రాక్టీసు రికార్డులో "యాస పూర్తిగా మానుకోవాలి" అని రాసి మార్కులు కోసింది నేనే.

ఆ సాయంత్రం సరితకు ఈ సంగతి చెప్పలేకపోయాను. తల నొప్పిగా ఉందని పడుకున్నాను.

చేవెళ్ళ, పూజ సామాను దుకాణం

వారానికి రెండుసార్లు బాలమణి చేవెళ్ళలో రమాదేవి గారి దుకాణానికి పూలు వేస్తుంది. కార్తీకం కాబట్టి గిరాకీ ఎక్కువ. శుక్రవారం నేను కూడా వాళ్ళతో ఆటో ఎక్కాను. ఆ రోజు బడి మాన్పించిన నందిని మా మధ్యలో గంప పట్టుకుని కూర్చుంది. నాతో మాట్లాడలేదు, కానీ నా తడిసిన నోటుబుక్కు ఉబ్బిపోయి ఉండటం చూసి మళ్ళీ నవ్వింది.

చేవెళ్ళ బజారులో కూరగాయలు చూస్తే మా వాళ్ళకు అసూయ పుడుతుంది. మట్టి ఇంకా తడిగా ఉన్న క్యారెట్లు, కట్ట పది రూపాయల కొత్తిమీర. ఇరవై రూపాయలకు ఆకులో గుడాలు కొనుక్కున్నాను. ఉడికించిన బొబ్బర్లలో ఉల్లిగడ్డ, నిమ్మరసం. నందినికీ పెట్టాను. తీసుకుంది.

రమాదేవి గారిది మూడు తరాల దుకాణం. తక్కెడ పోయి ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది, మిగిలిందంతా పాతదే. ఆమె వెడల్పు గంపలోని పూలను సన్నని పొడుగు సంచిలోకి దించింది. సంచి ఆమె నడుము దాకా నిలబడింది. రెండు గ్లాసుల ప్రయోగం అడక్కుండానే నా ముందు జరిగింది.

నేను అడిగితే పాడవుతుందని బాలమణి చెవిలో చెప్పాను. ఆమె తన మాటల్లో అడిగింది. "బిడ్డా, గంపల ఎక్కువున్నయా, గీ సంచిల ఎక్కువైనయా, ఒక్కతీరే ఉన్నయా?"

నందిని అవ్వను జాలిగా చూసింది. "గవ్వే పూలు గద అవ్వా. సంచి ఇరుకున్నది, అందుకే మీదికొచ్చినయ్."

కాటా బల్ల పట్టుకుని నిలబడ్డాను. హారిక కన్నా ఒక మెట్టు పైన ఉంది ఈ పిల్ల. రోజూ పూలు గంపలోకీ సంచిలోకీ మార్చిన చేతులు ఆ సంగతి తేల్చుకుని, మనసుకు అందించాయి. చేసిన పనే లోపలికి వెళ్ళి ఆలోచన అవుతుందని నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో.

అంతలో రమాదేవి గారు గల్లా పక్కనున్న కర్పూరం డబ్బా నా ముందుకు జరిపి, "మేడం, ఒక పిన్నీసు తీసుకోన్రి, మీ కొంగు చిరిగింది" అన్నారు. ఆటో దిగేటప్పుడు గంపకు చిక్కి చిరిగిన సంగతి నేను చూసుకోలేదు. కర్పూరం డబ్బాలో పిన్నీసేమిటని తికమకపడి అటూ ఇటూ వెతికాను. నందిని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అవ్వతో గుసగుసగా అంది. "అవ్వా, మేడం కర్పూరమే ఉన్నదనుకుంటున్నది. లోపట పిన్నీసులున్నయని ఆమెకు ఎర్కలేదు."

తనకు తెలిసింది ఎదుటివాళ్ళకు తెలియకపోవచ్చని తెలుసుకోవడం పసిమనసు దాటే గొప్ప గడప అని చెబుతాం. ఎదుటివాళ్ళ లోపల ఇంకో మనసు ఉందని గ్రహించడం అది. ఆ గడప దాటిందో లేదో చూడటానికి ఇలాంటి డబ్బాతోనే పరీక్ష పెడతారు. నేను పెట్టలేదు. నా తికమకే పరీక్ష అయింది. పిన్నీసు తీసి, కొంగుకు పెట్టుకోవడం మరిచి మళ్ళీ డబ్బాలోనే వేశాను. రమాదేవి గారు, "ఏమైంది మేడం, ఎండ తాకిందా?" అని సోడా తెప్పించారు.

ముడిమ్యాల, క్యారెట్ల బండి

నందిని తండ్రి శ్రీనివాస్ ముడిమ్యాలలో క్యారెట్లు లోడు చేయిస్తుంటే, దుకాణం నుంచి ముగ్గురం అటే వెళ్ళాం. కూరగాయల వ్యాను అతనిదే. కూతుర్ని చూడగానే ఒక క్యారెట్టు కడిగి చేతిలో పెట్టి, బాలమణితో వ్యానులో కూర్చోబెట్టాడు. ఆ తరువాత నా ముందుకొచ్చి నిలబడ్డాడు. దరఖాస్తు జేబులో మడిచి ఉంది.

"మేడం, మీరు సదువుకున్నోళ్ళు. మా బిడ్డకు తెలివి ఉన్నదా, లేదా? ఒక్క మాట చెప్పున్రి. నేను ఏడిస్తె ఇంటికి పోయి ఏడుస్త."

"ఉంది బాబూ. వయసుకు మించే ఉంది."

అతను నమ్మలేదు. "మరి బడిల నోరెందుకు తెరువది?"

చెప్పాను. ఇంటి మాటలు తప్పని పిల్లకు అనిపించిందని, ఏ మాట అంటే ఏం తప్పవుతుందోనని అన్నీ మానుకుందని, ఆ దిద్దడం సరితకు నేర్పింది నేనేనని.

అతను క్యారెట్ల బస్తా మీద కూర్చున్నాడు.

"నన్ను గూడ గట్లనే దిద్దిన్రు మేడం. లేపి నిలవెట్టి చదివిచ్చేది, నోరు తెరిస్తె నవ్వేది. ఏడో తరగతిల బంద్ చేసిన. నాకు సదువు రాదనుకున్న ఇన్నేండ్లు." ఆగి, నా ముఖంలోకి సూటిగా చూశాడు. "కోపమొస్తున్నది. మీ మీదనే వస్తున్నది. గని మీరే వచ్చి చెప్తిరి."

నేను క్షమించమన్నాను. అతను ఔననలేదు, కాదనలేదు. కాగితం తీసి చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"రేపు బడిల మాట్లాడుతదా మరి?"

"చెప్పలేను. ఆరు నెలలు మూసిన నోరు. టైం పట్టొచ్చు."

"రేపు బడికి తోలిస్త. గీ కాయితం మాత్రం ఎవలకు ఇయ్య." వ్యాను వైపు నడుస్తూ వెనక్కి తిరిగాడు. "క్యారెట్లు తీస్కపోన్రి మేడం." వద్దంటున్నా రెండు కిలోలు సంచిలో పోశాడు.

మళ్ళీ మొయినాబాద్

ఆ సాయంత్రం సరితతో అంతా చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే ఆగిపోతానేమోనని. రికార్డులో నేను రాసిన మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె క్యారెట్లు తరగడం ఆపింది.

"యాదికున్నది మేడం. ఎర్ర సిరాతోటి రాసిన్రు."

మూడు రోజుల్లో ఆమె తన సొంత మాటలో నాతో మాట్లాడటం అదే మొదలు. తనకే వినపడి ఒక్క క్షణం ఉలిక్కిపడింది. తరువాత ఆపలేదు.

"హాస్టల్ల అందరు పండుకున్నంక అద్దం ముందర మీ తీరు మాట్లాడుడు నేర్సుకున్న. మా ఊరికి పోతె, టీచరమ్మా అని మా అమ్మే నన్ను ఎగతాళి చేసేది. మా అమ్మ పోయే దాక ఆమెతోటి గూడ గట్లనే మాట్లాడిన మేడం. గా పిల్లల మేలుకోరే దిద్దిన. నా లెక్క పరేషాన్ కావద్దని."

ఆమె ఏడుస్తుంటే పక్కన కూర్చుని మిగిలిన క్యారెట్లు తరిగాను. వంకరటింకరగా తరిగానని చివరికి ఆమే నవ్వి కత్తి లాక్కుంది. ఆ రాత్రి ఇద్దరం కార్డుల వెనక ఇంటి మాటలు రాశాం. బడి మాట వద్దని కాదు. ఇంటి మాట మీద నిలబడి బడి మాట అందుకోవాలి. పిల్ల ఈరోజు మన చెయ్యి పట్టుకుని చేసింది రేపు తనంతట చేస్తుందంటారే, ఆ చెయ్యి ముందు పిల్ల ఉన్న ఒడ్డుకు రావాలి కదా. తరువాత దేనికి ఏ మాట రాయాలన్న దాని మీద ఇద్దరం గట్టిగా వాదించుకున్నాం. ఇన్నేళ్ళలో నేను ఇంత బాగా పాఠం తయారు చేసుకున్న రోజు లేదు.

శనివారం పొద్దున శ్రీనివాస్ పిల్లను దించి, గేటు బయటే నిలబడ్డాడు. పనికి ఆలస్యమవుతోందని ఫోను మోగుతున్నా కదల్లేదు.

సరిత తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగి లోపలికి వెళ్ళింది. "ఇయ్యాల ఎవలెవలు ఏం తిని వచ్చిన్రు?"

ఇరవై ఆరుమంది పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. టీచరుకు ఏదో అయిందనుకున్నారు. హారిక అనుమానంగా చెయ్యెత్తి, "సద్దన్నం టీచర్" అంది. సరిత దిద్దలేదు. "ఏం తొక్కు ఏసుకున్నవ్?" అని పచ్చడి సంగతి అడిగింది. అంతే, గది మొత్తం లేచింది. అప్పాలు, గుడాలు, ఆలుగడ్డ కూర, మా అన్న నాకు పెట్టలే టీచర్, ఒకరి మీద ఒకరు. నేను వెనక బెంచీలో కూర్చుని నందినినే చూస్తున్నాను. ఆ పిల్ల పెదవి కదల్లేదు. తలుపులోంచి తండ్రి కూడా చూస్తున్నాడని నాకు తెలుసు. పావుగంట గడిచింది. నాలో ఉత్సాహం మెల్లగా జారిపోవడం మొదలైంది.

సరిత బోర్డు వైపు తిరిగి, పిల్లలు చెప్పినవి ఒక్కొక్కటే రాస్తోంది. బోర్డు బాగా కనబడాలని హారిక బెంచీ మీద జరిగి జరిగి నందినిని అంచు దాకా నెట్టింది. ఇంకొక్క జానెడు జరిగితే పడిపోతుంది.

"జరుగు. గిది నా జాగ."

గట్టిగానే అంది. గదిలో అందరికీ వినిపించింది. సరిత చేతిలో సుద్దముక్క సగం అక్షరం దగ్గర ఆగింది. వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ గొంతు ఆగిపోతుందేమోనని తిరగలేదు. బయట ఫోను మోగి మోగి ఆగింది.

హారిక నోరు తెరిచి చూస్తోంది. "నందినీ, నువ్వు మాట్లాడుతవా?"

"మాట్లాడుత" అంది నందిని, మోచేత్తో నెడుతూ. "ముందుగాల నువ్వు జరుగు."

హారిక జరిగింది. సరిత అక్షరం పూర్తి చేసింది.